జాబితా కింది నుంచి కట్టండి: అమెరికాలో టాప్ కాలేజీలకు అప్లై చేసే పిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

2024 మార్చిలో హార్వర్డ్ ఫలితాలు వచ్చినప్పటి లెక్క ఇది: అప్లై చేసినవాళ్ళు 54,008 మంది, సీటు దక్కినవాళ్ళు 1,937 మంది. నూటికి నలుగురు కూడా లేరు. అమెరికాలో హైస్కూళ్ళు ఇరవై వేలకు పైనే ఉన్నాయి. ఒక్కో స్కూలు నుంచి ఫస్ట్ వచ్చిన ఒక్కరే అప్లై చేశారనుకున్నా, ఆ సీట్లు వాళ్ళలో పదోవంతు మందికి కూడా సరిపోవు.

మీ అమ్మాయికి అన్నీ 'ఏ' గ్రేడ్లే కావచ్చు, శాట్ ప్రవేశ పరీక్షలో 1600కి 1550 రావచ్చు, పన్నెండు ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) ఉండొచ్చు. అవన్నీ ఉంటే ఆ వేలమంది వరసలో నిలబడే అర్హత వస్తుంది. సీటు ఇంకో మెట్టు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఇంట్లో అందరికీ పదకొండో తరగతిలోనే అర్థమైతే మిగతా పని సులువు. పన్నెండో తరగతి మార్చిలో అర్థమైతే మాత్రం చాలా కష్టంగా ఉంటుంది.

ఇరవై చోట్ల పెడితే ఒకచోటైనా రాదా?

ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే. ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేయనిచ్చే కామన్ యాప్‌లో గరిష్ఠంగా 20 కాలేజీలకు పెట్టుకోవచ్చు కాబట్టి ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. కాగితం మీద లెక్క కూడా ఊరిస్తుంది: ఒక్కోచోట 5 శాతం అవకాశం ఉంటే, ఇరవై చోట్లా రాకుండా పోయే అవకాశం 36 శాతమే. అంటే ఎక్కడో ఒకచోట వచ్చే అవకాశం 64 శాతమన్నమాట!

పాచికలైతే ఈ లెక్క సరైనదే. కాలేజీలు పాచికలు కావు. ఇరవై చోట్లకూ వెళ్ళేది ఒకే ట్రాన్‌స్క్రిప్టు (గ్రేడ్ల పత్రం), ఒకే ప్రధాన వ్యాసం, అవే సిఫార్సు లేఖలు. ఒక చోట చదివేవాళ్ళకు అప్లికేషన్ చప్పగా అనిపిస్తే మిగతా పందొమ్మిది చోట్లా అలాగే అనిపించే ప్రమాదం ఎక్కువ. పైగా ఆ 5 శాతం సగటు సంఖ్య. అందులో క్రీడల కోటాలో పిలిపించుకున్నవాళ్ళు, చాలా ప్రైవేటు కాలేజీల్లో పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళను తీసేస్తే మామూలు విద్యార్థికి మిగిలే శాతం ఇంకా చిన్నది.

గుమ్మడికాయంత ప్రతిభ ఉన్నా ఆవగింజంత అదృష్టం ఉండాలంటారు. ఇక్కడ ఆ ఆవగింజ పేరు కాలేజీ అవసరం. ఆ ఏడాది ఆర్కెస్ట్రాలో ఓబో వాయించేవాళ్ళు గ్రాడ్యుయేట్ అయిపోయి ఉంటారు, క్లాసిక్స్ డిపార్ట్‌మెంటుకు విద్యార్థులు కావాలి, కంప్యూటర్ సైన్స్ కోరేవాళ్ళు మాత్రం కుప్పలుగా ఉన్నారు. ఇవేవీ బయటికి చెప్పరు. అందుకే రిజెక్షన్ వచ్చాక "ఎక్కడ తప్పు చేశాం?" అని తవ్వుకుంటే చాలాసార్లు ఏమీ దొరకదు.

మొదటి మెట్టు: పేర్ల కంటే ముందు డబ్బు

పదకొండో తరగతి వసంతంలో, ఇంకా ఏ కాలేజీ మీదా మనసు పడకముందే, అమ్మానాన్నలిద్దరూ కూర్చుని ఏడాదికి ఎంత కట్టగలరో ఒక అంకె రాసుకోండి. తర్వాత ఆ అంకె పిల్లలకు చెప్పండి. డబ్బు విషయాలు పిల్లల దాకా రానివ్వకూడదన్న మొహమాటం ఇక్కడ చేటు. సీటు వచ్చాక ఏప్రిల్లో "మనవల్ల కాదు కన్నా" అనాల్సి రావడం, సీటు రాకపోవడం కంటే ఎక్కువ బాధిస్తుంది.

పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, వసతి, తిండి అన్నీ కలిపి ఏడాదికి 90,000 డాలర్లు దాటింది. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి ఎనిమిది ప్రైవేటు యూనివర్సిటీల గుంపు) కాలేజీలేవీ మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇచ్చేదంతా కుటుంబ అవసరాన్ని బట్టే. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆ అవసరం సున్నా అని తేలవచ్చు. "మా వాడు టాపర్, ఫుల్ స్కాలర్‌షిప్ వస్తుంది" అన్న నమ్మకం దగ్గరే ఎక్కువ ఇళ్ళు బోర్లా పడతాయి.

ప్రతి కాలేజీ వెబ్‌సైటులోనూ మీ ఇంటికి నిజంగా పడే ఖర్చును అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. 2011 నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం ఉండి తీరాలి. గత ఏడాది పన్ను పత్రాలు ముందు పెట్టుకుని, జాబితాలో చేర్చాలనుకున్న ప్రతి కాలేజీకీ నింపండి. ఒక్కోదానికి ఇరవై నిమిషాల పని. వచ్చిన అంకెను స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరసలో రాయండి. సొంత వ్యాపారం, అద్దె ఇళ్ళు, విడిపోయిన తల్లిదండ్రులు ఉంటే క్యాలిక్యులేటర్ తప్పు చూపించొచ్చు. అప్పుడు కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు నేరుగా రాసి అడగాలి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీద ఉన్న పిల్లల సంగతి వేరు. వాళ్ళకు ఫెడరల్ సహాయం రాదు. చాలా ప్రైవేటు కాలేజీలు వాళ్ళను అంతర్జాతీయ విద్యార్థులుగానే లెక్కిస్తాయి. అమెరికా పౌరులకు "డబ్బు చూడకుండా సీటు" అని చెప్పే కాలేజీయే అంతర్జాతీయ విద్యార్థి విషయంలో డబ్బు అడిగారా లేదా అని చూడొచ్చు. స్టేట్ యూనివర్సిటీలో స్థానికుల ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఈ మూడు ప్రశ్నలూ ప్రతి కాలేజీనీ ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. ఇరవై ఒకటో ఏట డిపెండెంట్ హోదా పోతుందన్నది కూడా నాలుగేళ్ళ ఖర్చు లెక్కలో ఉండాలి.

రెండో మెట్టు: సేఫ్టీతో మొదలుపెట్టండి

అందరూ జాబితాను పైనుంచి రాస్తారు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ అని మొదలుపెట్టి, ఓపిక అయిపోయాక చివర్లో సొంత రాష్ట్రంలోని యూనివర్సిటీ ఒకటి తగిలిస్తారు. దాని వెబ్‌సైటు కూడా ఎవరూ తెరిచి చూడరు. మార్చి చివర్లో చేతిలో మిగిలేది అదే అయినప్పుడు ఇల్లంతా చావు కబురు విన్నట్టు ఉంటుంది.

కాబట్టి తిరగేసి రాయండి. ముందు రెండు, కుదిరితే మూడు సేఫ్టీలు. సేఫ్టీ అనిపించుకోవాలంటే మూడు ఉండాలి: సీటు దాదాపు ఖాయం కావాలి, ఫీజు మీరు రాసుకున్న అంకెలోపు ఉండాలి, పిల్లలు అక్కడ చదవడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. మూడోదాన్ని పట్టించుకోకపోవడమే అసలు తప్పు. మొదట క్యాంపస్ చూడటానికి వెళ్ళేది సేఫ్టీకే అయ్యుండాలి. ఆ యూనివర్సిటీలో ఆనర్స్ కాలేజీ (మెరిట్ విద్యార్థుల ప్రత్యేక విభాగం) ఉందా, మొదటి ఏడాది నుంచే ప్రొఫెసర్ల దగ్గర రీసెర్చ్ చేయనిస్తారా, కోరుకున్న మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) పై తరగతుల కోర్సులు ఎన్ని ఉన్నాయి అన్నది పిల్లలే వెతికి రాయాలి. అలా వెతికాక ఇష్టపడటానికి రెండు కారణాలు దొరికితే అది సేఫ్టీ, దొరక్కపోతే ఇంకోటి చూడండి.

"ఖాయం" అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. టెక్సస్‌లో తమ హైస్కూల్లో పై ర్యాంకుల్లో ఉన్నవాళ్ళకు చట్టప్రకారం స్టేట్ యూనివర్సిటీలో సీటు వస్తుంది. అయితే ఆస్టిన్ క్యాంపస్‌కు ఆ హద్దు 2026 ఫాల్ నుంచి పై 5 శాతానికి తగ్గింది. పైగా ఖాయమయ్యేది యూనివర్సిటీలో సీటు, కోరిన మేజర్‌లో కాదు. ఇలినాయ్ అర్బానా-షాంపేన్‌లో 2024లో మొత్తం మీద నూటికి నలభై మందికి పైగా సీటు వచ్చింది, అక్కడే కంప్యూటర్ సైన్స్‌కు వచ్చేసరికి పదిలోపు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, నర్సింగ్, బిజినెస్ కోరేవాళ్ళు యూనివర్సిటీ శాతం పక్కన పెట్టి ప్రోగ్రామ్ శాతమే చూడాలి.

యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లది మరో తిరకాసు. తొమ్మిది క్యాంపస్‌లలో ఏదీ అడ్మిషన్‌కు శాట్ చూడదు. మీ అబ్బాయి 1570 అక్కడ అసలు లెక్కలోకే రాదు. జీపీఏ కూడా పదో, పదకొండో తరగతుల కోర్సులతో వాళ్ళ పద్ధతిలో లెక్కిస్తారు. 2024లో వాటిలో ఒకటైన యూసీఎల్ఏకు ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) అప్లికేషన్లే 1,46,000 దాటాయి. "స్టేట్ కాలేజీయే కదా" అనుకుని సేఫ్టీ గడిలో రాస్తే తల బొప్పి కడుతుంది.

టార్గెటా, రీచా? తేల్చే పత్రం ఒకటుంది

టార్గెట్ అంటే సీటు రావడానికి తగిన అవకాశం ఉన్నది, రీచ్ అంటే అందితే అదృష్టమన్నది. ర్యాంకుల జాబితాలు మూసేసి, కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని కొట్టి వెతకండి. చాలా కాలేజీలు ఏటా విడుదల చేసే పత్రమిది. అందులో సి సెక్షన్ తెరిస్తే కావలసినవన్నీ అక్కడే ఉంటాయి.

సి1లో ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి సీటిచ్చారు, ఎంతమంది చేరారు అన్నది ఉంటుంది. సి2లో వెయిట్‌లిస్ట్ (సీట్లు మిగిలితే పిలిచే వరస) వివరం: ఎంతమందికి చోటిచ్చారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు. సి7 ఒక పట్టిక. గ్రేడ్లు, వ్యాసం, సిఫార్సులు, ఇంటర్వ్యూ, పూర్వ విద్యార్థులతో బంధుత్వం, కాలేజీ మీద చూపిన ఆసక్తి... ఒక్కోదానికి ఎంత బరువిస్తారో నాలుగు స్థాయిల్లో టిక్కు పెట్టి ఉంటుంది. "ఆసక్తి" దగ్గర ముఖ్యం అని ఉంటే క్యాంపస్ టూర్, ఆన్‌లైన్ సమావేశం, వాళ్ళ ఈమెయిల్ తెరిచి చూడటం కూడా పనికొస్తాయి. "పరిగణించం" అని ఉంటే ఆ ప్రయాణపు ఖర్చు మిగిలినట్టే. సి9లో శాట్, దానికి బదులు రాసే ఏసీటీ స్కోర్ల మధ్య శ్రేణి (చేరినవాళ్ళలో మధ్య సగం మంది స్కోర్లు) ఉంటుంది. స్కోరు తప్పనిసరి కాని కాలేజీల్లో ఎక్కువ వచ్చినవాళ్ళే పంపుతారు గనుక ఆ శ్రేణి ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. సి21లో ఎర్లీ డెసిషన్ (దీని సంగతి మూడో మెట్టులో) అంకెలు.

ఇప్పుడు ఒక ఊహా విద్యార్థిని తీసుకుందాం. వెయిట్ లేని జీపీఏ (కష్టమైన కోర్సులకు అదనపు పాయింట్లు కలపని గ్రేడ్ల సగటు) 3.95, శాట్ 1540, కోరుకున్న మేజర్ బయాలజీ. కాలేజీ 'ఏ' శ్రేణి 1330–1490, అడ్మిట్ శాతం 45. స్కోరు శ్రేణి పైన ఉంది, సగానికి దగ్గరగా సీట్లిస్తున్నారు కాబట్టి టార్గెట్, సేఫ్టీకి ఒక మెట్టు కింద. కాలేజీ బి శ్రేణి 1450–1540, అడ్మిట్ శాతం 28. టార్గెటే, కాస్త గట్టిది. కాలేజీ సి శ్రేణి 1510–1570, అడ్మిట్ శాతం 6. స్కోరు శ్రేణి మధ్యలోనే ఉంది కదా అని టార్గెట్ అనేస్తారు చాలామంది. అడ్మిట్ శాతం 20 కంటే తక్కువైతే ఎవరి స్కోరైనా అది రీచే. 10 కంటే తక్కువైతే 1600 వచ్చినా రీచే. ఈ గీత దగ్గర రాజీ పడకండి.

మొత్తం పది నుంచి పన్నెండు. సేఫ్టీలు రెండు లేదా మూడు, టార్గెట్లు నాలుగు లేదా అయిదు, మిగిలినవి రీచ్‌లు. అంతకంటే ఎక్కువ వద్దనడానికి కారణం వ్యాసాలు. ప్రధాన వ్యాసం 650 పదాలకు మించకూడదు, అది ఒక్కసారి రాస్తే చాలు. దాని పైన చాలా కాలేజీలు ఒకటి నుంచి అయిదు దాకా సొంత ప్రశ్నలు ఇస్తాయి. పన్నెండు కాలేజీలంటే పాతిక, ముప్ఫై చిన్న వ్యాసాలు. ఇరవై పెడితే డిసెంబరు చివరి వారం రాసే "మీ కాలేజీయే ఎందుకు" వ్యాసంలో కాలేజీ పేరు మారిస్తే ఇంకోచోట కూడా సరిపోయేలా ఉంటుంది. చదివేవాళ్ళకు అది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

మూడో మెట్టు: ఎర్లీ బాణం ఎవరి మీద

ఎర్లీ డెసిషన్ అంటే సీటిస్తే చేరి తీరతామన్న ఒప్పందం. ఒక్క కాలేజీకే పెట్టాలి, విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సిలర్ ముగ్గురూ సంతకం చేయాలి. గడువు ఎక్కువచోట్ల నవంబరు 1, ఫలితం డిసెంబరు మధ్యలో. చాలా కాలేజీల్లో ఇందులో అడ్మిట్ శాతం మామూలు రౌండు కంటే ఎక్కువే. క్రీడల కోటా వాళ్ళు కూడా ఇందులోనే లెక్కకు వస్తారు కాబట్టి ఆ తేడా మొత్తం మీ పిల్లలకు దక్కుతుందనుకోవద్దు. ఎయిడ్ సరిపోకపోతే ఒప్పందం నుంచి విడుదల అడగొచ్చు, కానీ వేరే కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్‌తో పోల్చుకునే వీలు పోతుంది. డబ్బు పోల్చి చూడాల్సిన ఇల్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌లలో ఉన్నది వేరే రకం. చేరి తీరాలన్న బంధం లేదు, మరో ప్రైవేటు కాలేజీకి ఎర్లీ పెట్టకూడదన్న షరతు మాత్రం ఉంది. ఈ బాణాన్ని 4 శాతం కాలేజీ మీద వదలాలా, 15 శాతం ఉన్న రెండో ఇష్టం మీద ఎర్లీ డెసిషన్‌గా వదలాలా అన్నదే అక్టోబరులో ఇంటింటా జరిగే అసలు వాదన. మా అభిప్రాయం: ఆ రెండో కాలేజీలో సీటు వస్తే పిల్లలు ఎగిరి గంతేస్తారనుకుంటే అక్కడే వదలండి. "సరే, రానీ" అనేటట్టయితే వద్దు. మొదటి ఇష్టానికే పెట్టి, దాని ఫలితంతో సరిపెట్టుకోండి.

దేనికి పెట్టినా, డిసెంబరు లోపే ఫలితం చెప్పే సేఫ్టీ ఒకటైనా జాబితాలో ఉండాలి. ఎర్లీ యాక్షన్ (ముందే పెట్టేది, చేరాలన్న బంధం లేనిది), రోలింగ్ (అప్లికేషన్ వచ్చింది వచ్చినట్టే చూసి జవాబిచ్చేది) పద్ధతిలో సీట్లిచ్చే స్టేట్ యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. చేతిలో ఒక సీటుతో జనవరిలోకి అడుగుపెట్టిన పిల్లల ముఖమే వేరు. మిగతా అప్లికేషన్లు కూడా కుదురుగా రాస్తారు.

ఎర్లీ ఫలితం రాకముందే మిగతా వ్యాసాల్లో కనీసం ముప్పాతిక వంతు పూర్తి చేయించండి. డిసెంబరు 15న రిజెక్షన్ వచ్చి, జనవరి 1 గడువుకు తొమ్మిది వ్యాసాలు బాకీ ఉంటే ఆ రెండు వారాల్లో ఏ పిల్లా మంచి వాక్యం రాయలేదు.

ఇంట్లో మాట, బయట మాట

జాబితా బయట ఎవరికీ చెప్పకండి. అమ్మమ్మకు చెప్తే అత్తయ్యకు, అత్తయ్యకు చెప్తే వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. మార్చిలో "ఏమైందమ్మా?" అని ఇరవై మంది అడుగుతారు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక వాక్యం సెప్టెంబరులోనే ఇంట్లో అందరూ అనుకోండి: "కొన్నిచోట్ల పెట్టింది, ఏప్రిల్ చివర్లో తేలాక మేమే చెప్తాం." అందరూ అదే వాక్యం చెప్పాలి, తాతయ్యతో సహా.

ఇంట్లో కాలేజీ మాటకు వారానికి ఒక గంట కేటాయించండి, ఆదివారం సాయంత్రమనుకోండి. మిగతా ఆరు రోజులూ భోజనాల దగ్గర ఆ ఊసు రాకూడదు. రోజూ అడిగితే జరిగేది ఒకటే: పిల్లలు అయిపోయిందని అబద్ధం చెప్పడం నేర్చుకుంటారు.

"డ్రీమ్ స్కూల్" అన్న మాట ఇంట్లోంచి తీసేయండి. ఆ కాలేజీ టీషర్టు కొనడం, గోడకు జెండా కట్టడం కూడా వద్దు. సీటు వచ్చాక కొనుక్కోవచ్చు.

పేరున్న కాలేజీలో చదవకపోతే జీవితం ఏమవుతుందన్న భయం తల్లిదండ్రులదే ఎక్కువ. ఆర్థికవేత్తలు స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఒకేరకమైన కాలేజీలకు అప్లై చేసి సీట్లు తెచ్చుకున్నవాళ్ళను పోల్చారు. మరీ పేరున్నచోట చేరినవాళ్ళకూ, చేరనివాళ్ళకూ తర్వాతి సంపాదనలో పెద్ద తేడా కనిపించలేదు. తక్కువ ఆదాయపు ఇళ్ళ పిల్లలకు మాత్రం కనిపించింది. 2023లో రాజ్ చెట్టీ బృందం వెలువరించిన పరిశోధనలో కూడా సగటు సంపాదన పెద్దగా మారలేదు. అయితే దేశంలో పై ఒక్క శాతం ఆదాయంలోకి చేరే అవకాశం ఐవీ స్థాయి కాలేజీల వాళ్ళకు గణనీయంగా పెరిగింది. రెండు సగాలూ పిల్లలకు చెప్పండి. ఒక సగమే చెప్తే వాళ్ళు రెండో సగం నిమిషంలో వెతికి చూపిస్తారు, ఆ తర్వాత మీ మాట నమ్మరు.

ఫలితాల రోజు

ఐవీ లీగ్ అంతా మార్చి చివర్లో ఒకే సాయంత్రం ఫలితాలిస్తుంది. ఆ రోజు పోర్టల్ పాస్‌వర్డ్ పిల్లల దగ్గరే ఉండాలి. ఒంటరిగా చూసుకుంటారా, పక్కన ఉండమంటారా అన్నది ముందు రోజే అడగండి. వీడియో తీయకండి.

రాలేదన్నప్పుడు నోట్లోంచి వచ్చే మొదటి మాట వాళ్ళకు ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. "ఇంకొంచెం కష్టపడి ఉంటే", "వాళ్ళకేం తెలుసు", "ఫలానా వాళ్ళబ్బాయికి వచ్చిందట"... మూడూ వద్దు. "బాధగానే ఉంటుంది కన్నా. ఇవాళ దీని గురించి ఏం మాట్లాడొద్దులే" అని ఊరుకోండి. మీకు ఏడుపొస్తే పక్క గదిలోకి వెళ్ళండి. మీ ముఖం చూసి తను మిమ్మల్ని ఓదార్చాల్సి రాకూడదు. రెండు మూడు వారాలు దాటినా నిద్ర, తిండి, స్నేహితులు కుదుటపడకపోతే స్కూలు కౌన్సిలర్‌తోనో డాక్టరుతోనో మాట్లాడాలి. చచ్చిపోవాలనుందన్న మాట ఎప్పుడు వినిపించినా ఆగకుండా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

తర్వాత మిగిలిన పనులు

ఎర్లీలో డిఫర్ అయితే (అవుననక, కాదనక మామూలు రౌండుకు వాయిదా వేస్తే) ఒక్క లేఖ, ఒక్క పేజీ, జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో పంపాలి. నవంబరు తర్వాత కొత్తగా జరిగినవి, ఇంకా ఆసక్తి ఉందన్న మాట, అంతే. కొత్త సిఫార్సు లేఖలు గుట్టలుగా పంపొద్దు. కాలేజీ ఏమీ పంపవద్దంటే పంపకండి.

వెయిట్‌లిస్ట్‌లో పెడితే ఉంటామని పోర్టల్లో ఒప్పుకోవాలి, అది దానంతటదే జరగదు. తర్వాత సి2 అంకె చూడండి. కొన్ని కాలేజీలు కొన్నేళ్ళలో ఒక్కరినీ తీసుకోలేదు. కాబట్టి సీటు వచ్చిన కాలేజీల్లో ఒకదానికి మే 1 లోపు డిపాజిట్ కట్టేయాలి. వెయిట్‌లిస్ట్ తర్వాత పిలిస్తే ఆ డిపాజిట్ తిరిగి రాదు, వదులుకోవాల్సిందే. ఒకేసారి రెండు కాలేజీలకు డిపాజిట్ కట్టడం మాత్రం తప్పు, తెలిస్తే రెండు సీట్లూ పోవచ్చు.

ఏప్రిల్లో ఎయిడ్ ఉత్తరాలు పోల్చేటప్పుడు అప్పునూ గ్రాంటునూ కలిపి "మొత్తం సహాయం" అని చూపించేవి ఉంటాయి. అప్పు, వర్క్-స్టడీ (చదువుకుంటూ పనిచేసి సంపాదించుకోవాల్సిన డబ్బు) కొట్టేసి, మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసేయండి. మిగిలింది పదకొండో తరగతిలో రాసుకున్న అంకె పక్కన పెట్టండి. స్కాలర్‌షిప్ నాలుగేళ్ళూ వస్తుందా, నిలుపుకోవడానికి జీపీఏ ఎంత ఉండాలి అన్నది ఉత్తరంలో లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.

డిపాజిట్ కట్టాక ఏపీ పరీక్షలు, చివరి సెమిస్టరు ఇంకా మిగిలే ఉంటాయి. జూన్లో కౌన్సిలర్ పంపే ఆఖరి ట్రాన్‌స్క్రిప్టులో 'ఏ' గ్రేడ్ల పక్కన 'డీ' కనిపిస్తే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంది.